మీగాలి మీద మూడు జడలు

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోనులో మీరిద్దరూ అడిగిన ప్రశ్నలకు సగం సగం జవాబులు చెప్పి పెట్టేశాను. మనసు ఒప్పుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు చిన్నవాడికి. నాన్నా, ఐర్లండ్ పక్కనున్న ఆరన్ దీవుల ఊలు స్వెట్టర్లలో ఇంటికొక జడలాంటి అల్లిక నమూనా ఉండేదనీ, సముద్రంలో పోయినవాళ్లను స్వెట్టరు మీది జడను బట్టి గుర్తుపట్టేవారనీ చదివానన్నావు. అందమైన కథే కానీ నిజం కాదు. ఆ స్వెట్టర్లకు ఇప్పుడున్న రూపం వచ్చిందే ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో. కాబట్టి ఏ జడా ఏ ఇంటి సొత్తూ కాదు. అక్క సొంతంగా ఒకటి కల్పించుకుంటానంటే అడ్డేమీ లేదు.

ఇక పెద్దదానికి. మీగాలి మీద జడలున్న మేజోళ్లు నువ్వే గీసుకుని అల్లాలంటే ఎలాగని అడిగావు కదా. నేను ఊలు పట్టింది ఢిల్లీలో, మీ తాతయ్య ఉద్యోగం అక్కడున్న రోజుల్లో. చలికాలం మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఆడవాళ్లందరూ ఎండలో మంచాలు వేసుకుని అల్లేవారు. నున్నగా కనబడే కుట్టు సీదా, బొడిపెలా కనబడేది ఉల్టా. ఇప్పటికీ నా నోటికి వచ్చే మాటలు అవే, ఇక్కడా అవే రాస్తాను.

కేబుల్ అని మీరు అంటున్నదాన్ని నేను జడ అంటాను. పక్కపక్కన ఆరు సీదా కుట్లున్నాయి అనుకో. మొదటి మూడింటినీ ఒక చిన్న అదనపు సూది మీదికి తీసి ముందువైపు వేలాడనివ్వు. వెనకనున్న మూడింటినీ అల్లు. తర్వాత వేలాడుతున్న మూడింటినీ అల్లు. ఒక పాయ ఇంకో పాయను దాటింది, అంతే. ఆ సూదిని ముందువైపు ఉంచితే జడ ఎడమకు వాలుతుంది, వెనకవైపు ఉంచితే కుడికి. ఒక కాలికి అలా, రెండో కాలికి ఇలా అల్లితే రెండు పాదాలూ పక్కపక్కన పెట్టినప్పుడు జడలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి. జడకు అటూ ఇటూ రెండేసి ఉల్టా కుట్లు తప్పకుండా ఉండాలి. అవి లోపలికి అణిగితేనే జడ పైకి తేలుతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. నీ జుట్టు విరబోసుకుంటే వీపంతా పరుచుకుంటుంది, అదే జడ వేస్తే రెండు వేళ్ల వెడల్పుకు వచ్చేస్తుంది. ఊలు కూడా అంతే. పాయలు దాటిన ప్రతిచోటా గుడ్డ లోపలికి ముడుచుకుంటుంది, సాగే గుణం కూడా తగ్గుతుంది. ఈ సంగతి తెలియకే మీ అమ్మ మేజోళ్లు పాడుచేశాను. అప్పుడు తను హాస్టల్లో ఉండేది, తొడిగి చూడటానికి పాదం నా దగ్గర లేదు. సాదా మేజోళ్ల లెక్కతోనే చుట్టూ జడలు పెట్టి, రెండూ పూర్తిచేసి పార్సిల్ పంపాను. సెలవులకు వచ్చినప్పుడు నా ఎదురుగా తొడగబోయింది. వేళ్ల వరకు హాయిగా దూరింది. మడమ దగ్గర ఆగిపోయింది. పాదం అన్నిటికన్నా లావుగా ఉండేది అక్కడే కదా, మడమ నుంచి చీలమండ ముందువైపుకు ఏటవాలుగా కొలిస్తే. ఆ రాత్రే రెండింటినీ విప్పేశాను. విప్పిన ఊలు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుపోయింది. తడిపి, చిలపలుగా, అంటే వదులు చుట్టలుగా కట్టి, కింద చెంబు వేలాడదీసి ఆరబెడితే గానీ సాఫు కాలేదు.

అందుకే ముందు జడలతోనే అరచేయంత ముక్క అల్లి కొలవాలి. నీ పాదం చుట్టుకొలత 8 అంగుళాలు అన్నావు. మేజోళ్ల ఊలు 2.25 మిల్లీమీటర్ల సూది మీద నా చేతికి అంగుళానికి 8 కుట్లు పడుతుంది. అంటే 64. మేజోడు పాదాన్ని పట్టి ఉండాలి కనుక పదో వంతు తగ్గించి, నాలుగుతో భాగించబడేలా 56 అనుకుందాం. అరికాలికి 28, మీగాలికి 28. మీగాలి నడుమ ఆరు కుట్ల జడ, దానికి రెండు వైపులా నాలుగేసి కుట్ల జడలు, జడల మధ్యా, చివరి జడల బయటివైపూ రెండేసి ఉల్టాలు, అంచుల్లో మూడేసి సాదా కుట్లు. సాదాగా అల్లితే మూడున్నర అంగుళాలు రావలసిన 28 కుట్లు, జడలు పడ్డాక నా ముక్కలో 3 అంగుళాలే వచ్చాయి. అర అంగుళం అంటే నాలుగు కుట్లు జడలు మింగేశాయి. కాబట్టి మీగాలి వైపు 32 ఉండాలి, అంచుల్లో మూడేసికి బదులు ఐదేసి. అరికాలు సాదాగానే ఉండనీ, బూటులో జడ మీద నడిస్తే నొప్పి.

కాగితం మీద గీసేటప్పుడు మన మెలికల ముగ్గును తలచుకో. ముందు చుక్కలు, తర్వాతే గీత. గళ్ల కాగితంలో ఒక గడి ఒక కుట్టు. కింది వరుస నుంచి పైకి, ప్రతి వరుసనూ కుడి నుంచి ఎడమకు చదవాలి. పాదం చుట్టూ ఒకసారి అల్లుకుని వస్తే ఒక చుట్టు, కాగితం మీద ఒక వరుస. పెద్ద జడను ఆరు చుట్లకోసారి, చిన్న జడలను నాలుగు చుట్లకోసారి దాటించు. మీ లెక్కల పుస్తకంలోని క.సా.గు. ఇక్కడ పనికొస్తుంది. 12 చుట్లకు అన్నీ ఒకేసారి కలుస్తాయి, కాబట్టి 12 వరుసలు గీస్తే చాలు. గడి చతురస్రం, కుట్టు కాదు. కుట్టు ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. గీతలో పొడుగ్గా కనబడిన జడ కాలి మీద కాస్త పొట్టిగా వస్తుంది, కంగారు పడకు.

వేళ్ల కొస నుంచి మొదలుపెట్టమని నేను పట్టుబట్టేది, ఎప్పటికప్పుడు తొడిగి చూసుకోవచ్చని. అమెరికాలో జూడీ బెకర్ అనే ఆమె 2006లో ప్రచురించిన పద్ధతి ఉంది. రెండు సూదులను జంటగా పట్టుకుని దారాన్ని ఒకసారి పైదానికి, ఒకసారి కిందిదానికి చుడుతూ పోవడమే. ఒక్కో సూదికి ఎనిమిదేసి కుట్లు, మొత్తం 16. చుట్టు విడిచి చుట్టుకు నాలుగేసి కుట్లు పెంచితే పదిసార్లకు 56 అవుతాయి. కుట్ట వలసిన అతుకు ఉండదు, బొటనవేలికి ఏదీ గుచ్చుకోదు. జడలు మొదలయ్యే చుట్టులో మీగాలి వైపు మాత్రం ఆ నాలుగూ పెంచు.

పాదం పొడవుకు రెండు అంగుళాలు తక్కువ ఉండగా మడమ మొదలవుతుంది. అరికాలి 28 కుట్ల మీదే అటూ ఇటూ, వెళ్లిన ప్రతిసారీ ఒక కుట్టు ముందే ఆగి వెనక్కి తిరుగుతూ, నడుమ పది మిగిలేదాకా. తర్వాత ఆగిన కుట్లను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ రావాలి. ఇది కాగితం మీద చెప్పేది కాదు, ఫోనులో నా చేతులు చూడు.

మడమ తిరిగాక పిక్క వైపు ఎంత ఎత్తుకు వెళ్తావో ఊలే చెబుతుంది. 100 గ్రాముల ఉండను ముందే వంటింటి తూకంలో 50, 50గా విడదీసి పెట్టుకో. పై అంచు ముగించేటప్పుడు మాత్రం బిగించకు. అంత జాగ్రత్తగా కుట్లు లెక్కవేసి పెంచి, అంచు దగ్గర బిగిస్తే మళ్లీ మడమ దాటదు.

ఇద్దరూ తెల్లకాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీయండి. మడమ దగ్గర ఏటవాలు కొలత కూడా రాసి ఫోటో పంపండి. చిన్నవాడు గోడకు ఆనుకోకుండా, బరువంతా కాళ్ల మీద పెట్టి నిలబడాలి. నీ గళ్ల కాగితం కూడా పంపు తల్లీ, అల్లడానికి ముందు ఒకసారి కుట్లు లెక్కపెట్టి ఇస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ