ఇన్‌సర్వీస్ కోటా ఏటా బేరంగా ఎలా మారింది?

ఆంధ్రప్రదేశ్‌లో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లు 2025లో మళ్లీ సమ్మెకు దిగారు. 2024 సెప్టెంబరులో ఏ డిమాండ్‌తో విధులు బహిష్కరించారో, ఏడాది తిరిగేసరికి 2025 సెప్టెంబరులోనూ ప్రధాన డిమాండ్ అదే. మెడికల్ పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ కోటా, అంటే ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు విడిగా కేటాయించే సీట్లు, తగ్గించొద్దని అడిగారు.

ఈ గొడవ అర్థం కావాలంటే 2016 ఆగస్టు 16 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూడాలి. ఉత్తరప్రదేశ్ కేసు అది. పీజీ డిగ్రీ సీట్లలో సర్వీసు డాక్టర్లకు విడిగా కోటా చెల్లదని కోర్టు తేల్చింది. మారుమూల, క్లిష్ట ప్రాంతాల్లో పనిచేసిన ప్రతి ఏడాదికీ, పరీక్షలో వచ్చిన మార్కులపై 10 శాతం చొప్పున, గరిష్ఠంగా 30 శాతం దాకా కలపాలనే భారత వైద్య మండలి (ఎంసీఐ) నిబంధనే వర్తిస్తుందని చెప్పింది. కోటా డిప్లొమా సీట్లకే మిగిలింది. అక్కడ సగం సీట్లు వాళ్లవే. కానీ కొద్దికాలానికే కాలేజీలు డిప్లొమా సీట్లను డిగ్రీ సీట్లుగా మార్చుకోవడంతో ఆ సగం కూడా కరిగిపోయింది.

తమిళనాడు డాక్టర్లు పట్టు వదల్లేదు. 2020 ఆగస్టు 31న అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం పాత తీర్పును పక్కనపెట్టింది. వైద్య మండలి పని ప్రమాణాలు నిర్ణయించడమే, సర్వీసు కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలదే అంది. కోటాలో పీజీ చేసినవాళ్లు ఆ తర్వాత కొన్నేళ్లయినా గ్రామీణ, గిరిజన, కొండ ప్రాంతాల్లో పనిచేసేలా బాండ్లు రాయించుకోవాలనీ సూచించింది.

మలుపు ఇదే. ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే, తగ్గించే అధికారమూ వాళ్ల చేతిలోనే ఉంటుంది. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నుంచి జీవో 85 వచ్చింది. క్లినికల్ (రోగులకు నేరుగా చికిత్స చేసే విభాగాల) సీట్లలో 30 శాతం ఉన్న కోటా 15కి, నాన్ క్లినికల్ (అనాటమీ లాంటి విభాగాలు)లో 50 శాతం 30కి పడిపోయాయి. డాక్టర్లు రోడ్డెక్కాక క్లినికల్ కోటా 20 శాతానికి పెరిగింది. గొడవ చేస్తే పెరుగుతుందని ఆనాడే అందరికీ అర్థమైంది.

పీహెచ్‌సీలో ఒక రోజు ఎలా ఉంటుందో చూస్తే వాళ్ల పట్టుదల అర్థమవుతుంది. ఒక డాక్టర్ ఓపీ చూస్తుంటే, రెండో డాక్టర్ 104 వాహనంతో ఊళ్లకు వెళ్తారు. బీపీ, షుగర్ మాత్రలు, గర్భిణుల పరీక్షలు, ఆపైన ఆన్‌లైన్ ఎంట్రీలు. రాత్రి డెలివరీ కేసు వస్తే నిద్ర ఉండదు. ఎంబీబీఎస్‌లో పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడు మాత్రం హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుంటూ పొద్దస్తమానం చదువుకుంటాడు. ఇద్దరూ రాసేది ఒకటే నీట్ పీజీ. ఊళ్లో గడిపిన ఏళ్లకు ఆ పరీక్షలో విలువ లేదు. కోటాలోనే ఉంది.

ప్రభుత్వం చెప్పేది వేరు. పీజీ చేసి తిరిగొచ్చేవాళ్లందరికీ ఇవ్వడానికి స్పెషలిస్టు పోస్టులు లేవంది. ఓపెన్ సీట్లు తగ్గుతాయన్నది జూనియర్ డాక్టర్ల బాధ, అదీ నిజమే. కానీ దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో) స్పెషలిస్టుల కొరత 80 శాతం దాకా ఉందని కేంద్ర ఆరోగ్యశాఖ గణాంకాలే చెబుతున్నప్పుడు, పోస్టులు లేవనే మాటతో సీట్లు కోయడం సరికాదు. పోస్టులు పెంచాలి. బాండ్లు గట్టిగా అమలు చేయాలి.

ఒక్క ఏడాది శాతం గురించే అయితే ఇంత టెన్షన్ ఉండేది కాదు. ఈ రోజు ఎంబీబీఎస్ పూర్తిచేసి పీహెచ్‌సీలో చేరే అమ్మాయికి కోటా అర్హత వెంటనే రాదు, కొన్నేళ్లు సర్వీసు చేశాకే వస్తుంది. అప్పటికి ఎంత శాతం ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ శాతాన్ని కొన్నేళ్లపాటు కదపకుండా ఉంచాలని డాక్టర్లు అడిగారు.