మానవ హక్కుల సిఫార్సులు, ప్రభుత్వ నివేదికలు: కొన్ని అపోహలు – వాస్తవాలు

ఏదైనా దేశంపై జెనీవాలో మానవ హక్కుల సమీక్ష జరిగిన మర్నాడు పత్రికల్లో ఒకే వార్త రెండు రకాలుగా కనిపిస్తుంది. ప్రభుత్వ ప్రకటన చదివితే సమీక్ష దిగ్విజయంగా ముగిసినట్టు ఉంటుంది. హక్కుల సంఘాల ప్రకటన చదివితే ప్రభుత్వం అడ్డంగా దొరికిపోయినట్టు ఉంటుంది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లు ఎవరూ ఆ ఊసెత్తరు. సమీక్షలో ఆ దేశానికి చేసిన సిఫార్సులు బతికేదీ, అటకెక్కేదీ ఆ మూడు నాలుగేళ్లలోనే. శాఖల నుంచి సమాచారం రాబట్టి, పట్టికలు నింపి, నివేదికలు తయారుచేసే పనిలో చాలాకాలంగా ఉన్నందువల్ల, పదేపదే వినబడే అపోహల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

అపోహ: ఐరాస సిఫార్సులన్నీ ఒక్క చోటి నుంచే వస్తాయి

ప్రధానంగా మూడు దారుల్లో వస్తాయి. ఏది ఏ దారిలో వచ్చిందో తెలియకుండా జవాబు రాయడం మొదలుపెడితే మొదటి అడుగే తప్పుతుంది.

మొదటిది సార్వత్రిక కాలానుగుణ సమీక్ష, అంటే ఐరాస సభ్యదేశాలన్నిటి మానవ హక్కుల తీరునూ వంతులవారీగా చూడటం. అందరూ యూపీఆర్ అంటారు. 2006లో ఐరాస సర్వప్రతినిధి సభ మానవ హక్కుల మండలిని ఏర్పాటు చేస్తూ దీన్నీ తెచ్చింది. సమీక్షలు 2008లో మొదలయ్యాయి, 2022 నవంబరు నుంచి నాలుగో విడత నడుస్తోంది. ఇక్కడ సిఫార్సు చేసేవి తోటి ప్రభుత్వాలే. ఒక్కో దేశంపై చర్చకు మూడున్నర గంటలు కేటాయిస్తారు. అందులోనే పదుల కొద్దీ దేశాలు నిమిషమో రెండు నిమిషాలో మాట్లాడి తమ సిఫార్సులు వినిపిస్తాయి.

రెండోది ఒప్పంద కమిటీలు. పౌర, రాజకీయ హక్కులు, బాలల హక్కులు, మహిళలపై వివక్ష, చిత్రహింస వంటి అంశాలపై తొమ్మిది ప్రధాన ఒప్పందాలున్నాయి. ప్రతి ఒప్పందానికీ స్వతంత్ర నిపుణులతో ఒక కమిటీ ఉంటుంది. వీటికి తోడు నిర్బంధ కేంద్రాలను సందర్శించే ఉపసంఘం మరొకటి. మూడో దారి మండలి నియమించే ప్రత్యేక ప్రతినిధులది. వీరు దేశ పర్యటన తర్వాత నివేదిక ఇస్తారు, మధ్యలో ఫిర్యాదులు అందితే ప్రభుత్వానికి లేఖలు రాస్తారు. ఆరోపణలపై రాసే లేఖకు సాధారణంగా 60 రోజుల్లో జవాబివ్వాలి. ఆ గడువు దాటాక, జవాబు వచ్చినా రాకపోయినా, లేఖను బయటపెడతారు.

తోటి ప్రభుత్వం మర్యాదగా చెప్పిన మాటకూ, నిపుణుల కమిటీ ఒప్పందంలోని అధికరణాన్ని ఉటంకిస్తూ చెప్పిన మాటకూ ఒకే మూసలో జవాబు రాస్తే చెల్లదు. అయినా అదే ఎక్కువగా జరుగుతుంటుంది.

అపోహ: ఆమోదించని సిఫార్సుల జోలికి వెళ్లనక్కర్లేదు

యూపీఆర్‌లో ప్రభుత్వం ప్రతి సిఫార్సుకూ రెండింటిలో ఒక సమాధానం చెప్పాలి: సమర్థిస్తున్నామనో, గమనించామనో. 'తిరస్కరించాం' అనే గడి అక్కడ లేదు. 'గమనించాం' అన్న వాటిని చాలా కార్యాలయాలు పట్టికలోంచి తీసేస్తాయి. లెక్క తగ్గిందన్న సంతృప్తి తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. యూపీఆర్‌లో పక్కన పెట్టిన అంశమే ఏడాది తిరక్కుండా ఏదో ఒక ఒప్పంద కమిటీ నుంచి మళ్లీ వస్తుంది. అక్కడ సమర్థించడం, గమనించడం అనే వెసులుబాటు ఉండదు. ఒప్పందాన్ని ధ్రువీకరించినప్పుడే జవాబుదారీతనాన్ని నెత్తిన వేసుకున్నట్టు.

అందుకే దేన్నీ తీసెయ్యకుండా, అంశాల వారీగా కట్టలు కట్టడం మేలు. ఒకే విషయంపై యూపీఆర్‌లో ఏడు దేశాలు, రెండు కమిటీలు, ఒక ప్రత్యేక ప్రతినిధి చెప్పినవి పక్కపక్కన పెడితే పది వరుసలు ఒక్క పనిగా తేలతాయి. వందల సంఖ్య చూసి బెదిరిపోయే శాఖలకు ఈ ఒక్క మెట్టు దాటితే సగం భారం దిగుతుంది. ఇలా కట్టలు కట్టడానికి ఐరాస మానవ హక్కుల కార్యాలయం నిర్వహించే సార్వత్రిక మానవ హక్కుల సూచిక అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో దేశం వారీగా, అంశం వారీగా వెతుక్కునే వీలుంది. ఉచితమే.

అపోహ: సిఫార్సులకు చట్టబద్ధత లేదు కాబట్టి నివేదిక పంపకపోయినా ఏమీ కాదు

ఇందులో సగం నిజముంది, చిక్కంతా దానితోనే. సిఫార్సును అమలు చేయించడానికి ఏ కోర్టూ వారంటు జారీ చేయదు. కానీ నివేదిక పంపడం ఒప్పందం విధించిన బాధ్యత. బాలల హక్కుల ఒప్పందం 44వ అధికరణం ప్రకారం మొదటి నివేదిక రెండేళ్లలో, తర్వాత ఐదేళ్లకోసారి ఇవ్వాలి. మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందం 18వ అధికరణం మొదటిదానికి ఏడాది, ఆపై కనీసం నాలుగేళ్లకోసారి అంటుంది.

నివేదిక పంపకపోతే సమీక్ష తప్పుతుందనుకోవడం మరో భ్రమ. 2002 జులైలో మానవ హక్కుల కమిటీ (పౌర, రాజకీయ హక్కుల ఒప్పందాన్ని చూసే కమిటీ; మండలి వేరు) గాంబియా పరిస్థితిని ఆ ప్రభుత్వ నివేదిక లేకుండానే పరిశీలించింది. అలాంటప్పుడు కమిటీ ముందు మిగిలేవి ఇతరులు ఇచ్చిన సమాచారం, ఖాళీ కుర్చీ. యూపీఆర్‌లో 2013 జనవరిలో తన వంతు వచ్చినప్పుడు ఇజ్రాయెల్ హాజరు కాలేదు. అదే ఏడాది అక్టోబరులో సమీక్ష జరిగింది.

దీనికి మించి మార్కులు కూడా ఉన్నాయి. మానవ హక్కుల కమిటీ తన సిఫార్సుల్లో కొన్నింటిని ఎంచి, వాటిపై తదుపరి పూర్తి నివేదిక కంటే ముందే సమాచారం అడుగుతుంది. వచ్చిన జవాబుకు ఏ నుంచి ఇ వరకు గ్రేడు ఇస్తుంది. చర్య చాలావరకు సంతృప్తికరమైతే ఏ, సహకారమే లేకపోతే డి, సిఫార్సుకు విరుద్ధంగా నడిస్తే ఇ. గ్రేడులు బహిరంగం. 'చర్యలు తీసుకుంటున్నాం' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్న జవాబుకు ఏ రాదని వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: ఇదంతా విదేశాంగ శాఖ పని

జెనీవాలో మాట్లాడేది విదేశాంగ శాఖ. జైళ్లు, బడులు, ఆసుపత్రులు, పోలీసు స్టేషన్లు దాని చేతిలో లేవు. అది శాఖలకు లేఖలు రాస్తుంది, శాఖలు కింది కార్యాలయాలకు పంపుతాయి, గడువుకు రెండు రోజుల ముందు పథకాల జాబితా ఒకటి వస్తుంది. ఏ సిఫార్సుకు ఏ పథకం జవాబో ఆ జాబితాలో ఉండదు.

ఈ తిప్పలు చూసే చాలా దేశాలు శాశ్వత యంత్రాంగాలు పెట్టుకున్నాయి. పోర్చుగల్ 2010లో మంత్రిత్వ శాఖలన్నిటినీ కలిపి జాతీయ మానవ హక్కుల కమిటీ ఏర్పాటు చేసింది. మొరాకో 2011లో ఇందుకోసమే ప్రత్యేక అంతర్‌మంత్రిత్వ విభాగాన్ని తెచ్చింది. ఇలాంటి యంత్రాంగానికి నాలుగు సామర్థ్యాలు ఉండాలని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2016లో ఇచ్చిన మార్గదర్శిని చెబుతుంది: అంతర్జాతీయ సంస్థలతో వ్యవహరించడం, శాఖలను సమన్వయం చేయడం, బయటివారిని సంప్రదించడం, సమాచారాన్ని నిర్వహించడం. మొదటిదీ నాలుగోదీ డబ్బుతో, శిక్షణతో వస్తాయి. రెండోది అధికారంతోనే వస్తుంది. ఇంకో శాఖ కార్యదర్శిని సమావేశానికి రప్పించగల హోదా లేని విభాగానికి ఎంత మంచి పేరు పెట్టినా అది తపాలా కార్యాలయమే అవుతుంది.

పార్లమెంటును, గణాంక శాఖను మరిచిపోవడం ఇంకో అలవాటు. చట్టం మార్చాలన్న సిఫార్సును కార్యనిర్వాహక శాఖ ఒక్కటే ఎలా అమలు చేస్తుంది? లింగం, వయసు, వైకల్యం వారీగా విడదీసిన అంకెలు కావాలన్న సిఫార్సు గణాంక శాఖకు చేరకపోతే, పదేళ్ల తర్వాత కూడా కమిటీ అదే వాక్యం మళ్లీ రాస్తుంది.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ కొంటే సమస్య తీరుతుంది

ఈ రంగంలో తరచూ వినబడే పేరు పరాగ్వేది. 2014లో ఆ దేశం సిమోరే అనే ఆన్‌లైన్ వ్యవస్థను ప్రారంభించింది. ఏ సిఫార్సు ఏ సంస్థ బాధ్యత, ఏం చేశారు అన్నది ఎవరైనా చూడవచ్చు. తర్వాత దాన్ని సుస్థిరాభివృద్ధి లక్ష్యాలతో కూడా ముడిపెట్టారు. ఉరుగ్వే, చిలీ, హోండురస్ వంటి దేశాలు ఆ అనుభవాన్ని అందిపుచ్చుకున్నాయి. ఐరాస మానవ హక్కుల కార్యాలయమూ దేశాల కోసం సిఫార్సుల డేటాబేస్ ఒకటి రూపొందించింది.

అందరూ సాఫ్ట్‌వేర్ తెరలను మెచ్చుకుంటారు. పరాగ్వే నుంచి నేర్చుకోవలసింది అది కాదు. ప్రతి సంస్థలోనూ ఫలానా అధికారి ఈ వివరాలు నింపాలి అని ముందే తేల్చుకోవడం, నింపినది జనం కళ్లబడేలా పెట్టడం, ఈ రెండూ నేర్చుకోవాలి. ఈ రెండూ ఉంటే మామూలు ఎక్సెల్ పట్టికతోనూ పని నడుస్తుంది. ఇవి లేకపోతే డేటాబేస్ ప్రారంభోత్సవం రోజు ఫొటోల్లో ఎంత బాగుంటుందో, ఏడాది తర్వాత అంత ఖాళీగా ఉంటుంది. 'బాధ్యత' గడిలో ఐదు శాఖల పేర్లు కనిపిస్తే నేను ముందు ఆ గడినే సరిచేయిస్తాను. పదిమంది చేతిలో పాము చావదు. ముందు నిలబడే శాఖ ఒకటే ఉండాలి, మిగతావి సహాయానికి.

అపోహ: చర్య తీసుకుంటే సిఫార్సు అమలైనట్టే

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే, అందుకే కాస్త ఆగి చూద్దాం. అందరికీ తెలిసిన తరహా సిఫార్సు తీసుకుందాం: 'నిర్బంధంలో ఉన్న పిల్లలను పెద్దల నుంచి వేరుగా ఉంచాలి.' జైళ్ల శాఖ పంపే జవాబు ఇలా ఉంటుంది: 'ఈ అంశంపై ప్రభుత్వం కట్టుబడి ఉంది. సంబంధిత చట్టంలో నిబంధన ఉంది. సిబ్బందికి శిక్షణ తరగతులు నిర్వహించాం. చర్యలు కొనసాగుతున్నాయి.' పట్టికలోని స్థితి గడిలో ఆకుపచ్చ రంగు, అంటే అమలైనట్టు.

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఒక్క మాటా జవాబు కూడా కాదు. ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2012లో విడుదల చేసిన సూచికల మార్గదర్శిని ఇలాంటి చోట బాగా పనికొస్తుంది. అది కొలతలను మూడు రకాలుగా విడదీస్తుంది: నిర్మాణం, ప్రక్రియ, ఫలితం. మన ఉదాహరణలో పిల్లలను వేరుగా ఉంచాలన్న చట్టం నిర్మాణం. ఎన్ని కేంద్రాల్లో వేరు గదులు కట్టారు, ఎన్నింటిని తనిఖీ చేశారు అన్నది ప్రక్రియ. తనిఖీకి వెళ్లిన రోజున పెద్దల గదిలో ఎంతమంది పిల్లలు దొరికారు అన్నది ఫలితం. శాఖ పంపిన జవాబులో మొదటిది ఉంది, రెండోది శిక్షణ పేరుతో తొంగి చూసింది, మూడోదాని జాడ లేదు.

శాఖను తిరిగి అడగవలసిన ప్రశ్నలు చిన్నవి. పిల్లల వయసు ఎలా నిర్ధారిస్తున్నారు? పుట్టిన తేదీ కాగితం లేకపోతే ఎటు పంపుతున్నారు? కోర్టుకు తీసుకెళ్లే వాహనంలో కూడా వేరుగానే ఉంచుతున్నారా? రాత్రిపూట పట్టుబడిన పిల్లవాడు తెల్లారేదాకా ఎక్కడ ఉంటాడు? వీటికి జవాబులు జైళ్ల శాఖ దగ్గరే ఉండవు. కొన్ని పోలీసుల దగ్గర, కొన్ని న్యాయశాఖ దగ్గర ఉంటాయి. అడిగిన మరుక్షణం ఆకుపచ్చ గడి పసుపుకు మారుతుంది. మారనివ్వాలి. ఎరుపు, పసుపు ఒక్కటీ లేని పట్టికను కమిటీ సభ్యులు నమ్మరు. వాళ్ల బల్ల మీద హక్కుల సంఘాల నివేదికలూ, ఐరాస సంస్థల సమాచారమూ అప్పటికే ఉంటాయి.

దీనికి ఒక చిన్న మినహాయింపు. యూపీఆర్‌లో 'ప్రయత్నాలను కొనసాగించండి' తరహా సిఫార్సులు కుప్పలుగా వస్తాయి. మిత్రదేశాలు ఇచ్చే కానుకలు అవి. వాటికి ఫలితం కొలవడం కష్టం. వాటిని ఒకే అంశం మీద వచ్చిన గట్టి సిఫార్సు కట్టలో కలిపేసి, గట్టిదానికే జవాబు రాస్తే చాలు.

అపోహ: నివేదిక ఎంత పెద్దదైతే అంత మంచిది

పరిమితులున్నాయి. ఒప్పంద కమిటీకి ఇచ్చే తొలి నివేదిక 31,800 పదాలు, ఆ తర్వాతివి 21,200 పదాలు దాటకూడదని 2014లో సర్వప్రతినిధి సభ తీర్మానించింది. అన్ని కమిటీలకూ ఉమ్మడిగా పనికొచ్చే మూల పత్రం ఒకటి ఉంటుంది. దేశ పరిచయమంతా అందులో పెట్టేయవచ్చు. రాజ్యాంగ చరిత్రను ప్రతి నివేదికలోనూ తిరగరాసే అలవాటు ఇంకా పోలేదు. ఇప్పుడు చాలా కమిటీలు ముందుగానే ప్రశ్నలు పంపి, జవాబులనే నివేదికగా స్వీకరిస్తున్నాయి. 2007లో ఈ పద్ధతికి శ్రీకారం చుట్టింది చిత్రహింస వ్యతిరేక కమిటీ. అడిగినదానికే జవాబివ్వడం కొందరికి మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది.

అపోహ: జాతీయ మానవ హక్కుల కమిషన్ ఉంది కదా, నివేదిక అదే రాస్తుంది

రాయకూడదు. 1993లో సర్వప్రతినిధి సభ ఆమోదించిన పారిస్ సూత్రాల ప్రకారం అలాంటి సంస్థ ప్రభుత్వానికి దూరంగా, స్వతంత్రంగా ఉండాలి. ప్రభుత్వ నివేదికపై అభిప్రాయం చెప్పవచ్చు, తన నివేదికను విడిగా పంపవచ్చు. ప్రభుత్వం తరఫున కలం పడితే మాత్రం అది పరీక్ష రాసేవాడి పక్కన కూర్చున్నట్టే.

అపోహ: గడువు దగ్గరపడ్డాక మొదలుపెడితే సరిపోతుంది

కమిటీ ముగింపు పరిశీలనలు, అంటే సమీక్ష చివర కమిటీ రాసిచ్చే సిఫార్సులు, చేతికందిన వారంలోనే పని మొదలవ్వాలి. వాటిలో కొన్నింటిపై త్వరగా జవాబు అడుగుతారు. చిత్రహింస వ్యతిరేక కమిటీ ఏడాది ఇస్తుంది, మహిళలపై వివక్ష నిర్మూలన కమిటీ సాధారణంగా రెండేళ్లు ఇస్తుంది. పరిశీలనలను దేశ భాషల్లోకి తెచ్చి, కట్టలుగా కట్టి, ముందుండే శాఖను తేల్చి, ఫలితం ఏ అంకెతో కొలుస్తామో రాసుకునేసరికే నెలలు గడుస్తాయి. యూపీఆర్‌లో మధ్యకాల నివేదిక స్వచ్ఛందం. అయినా దాన్ని రాసే దేశాలకు తర్వాతి విడతలో పని తేలికవుతుంది, ఎందుకంటే శాఖలను అడగడం మధ్యలో ఆగదు.

రెండు సమీక్షల మధ్య గడిచే ఆ నాలుగేళ్లలో నోడల్ అధికారులు, అంటే శాఖల్లో ఈ పని చూసేవారు, కనీసం ఒక్కసారైనా బదిలీ అవుతారు. కాబట్టి పట్టిక ఏ ఒక్కరి సొంత కంప్యూటర్‌లోనూ ఉండకూడదు. బదిలీ అయ్యే రోజున కొత్త అధికారికి అప్పగించే కాగితాల్లో ఆ పట్టిక, అప్పటిదాకా శాఖలు ఇచ్చిన జవాబులు, ఇంకా జవాబు రాని ప్రశ్నల జాబితా మూడూ ఉన్నాయో లేదో సంతకం పెట్టేముందే చూసుకోవాలి.