నూర్పిళ్ల రోజుల్లో కంటికి దెబ్బ: అపోహలు - వాస్తవాలు

దాళ్వా, అంటే రబీ వరి, కోతలు మొదలయ్యాయంటే కోనసీమలో మా ఓపీకి ఒక కన్ను మూసుకుని వచ్చేవాళ్లు ఎక్కువవుతారు. వరి ఆకు గీసుకుందనో, వడ్లగింజ తగిలిందనో చెబుతారు. ఎప్పుడంటే, వారం కిందట! ఆ వారంలో కంట్లో ఏం వేశారన్నదే నాకు టెన్షన్.

అపోహ: ఎర్రబడింది కాబట్టి కళ్లకలకే.

వాస్తవం: కళ్లకలకలో పుసులు కడతాయి, తరచుగా రెండో కంటికీ అంటుకుంటుంది, చూపు సాధారణంగా పెద్దగా తగ్గదు. దెబ్బ తగిలిన కన్నే ఎర్రబడి, నీరు కారుతూ, వెలుతురు చూడలేక, చూపు మసకబారితే నల్లగుడ్డు మీద పుండు పడిందేమో అనుమానించాలి. అద్దంలో నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లమచ్చ కనిపించినా ఆ రోజే రండి.

అపోహ: నొప్పి పెద్దగా లేదు, నాలుగు రోజులు చూద్దాం.

వాస్తవం: చిన్న గీత అయితే ఒకట్రెండు రోజుల్లో మానిపోతుంది. ఆకుతో పాటు ఫంగస్ దిగితే మాత్రం నిదానంగా ముదురుతుంది, మొదట్లో నొప్పి అంతగా తెలియకపోవచ్చు. నల్లగుడ్డు పైపొర మందం నడిమధ్యలో అర మిల్లీమీటరు, అంతే.

అపోహ: చనుబాలు, ఆముదం వేస్తే చలవ.

వాస్తవం: వద్దు. నాలుకతో నలక తీయించుకోవడమూ వద్దు. మంచినీళ్లతో కడగండి, నలపకండి.

అపోహ: షాపులో ఇచ్చిన చుక్కలతో ఎరుపు తగ్గింది, అంటే నయమవుతున్నట్టే.

వాస్తవం: నేను ఎక్కువగా భయపడేది దీనికే. ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి చుక్కల సీసా చూపించింది. “రెండ్రోజులు చల్లగానే ఉందండీ, తర్వాతే పోటు.” సీసా మీద సన్నటి అక్షరాల్లో డెక్సామెథాసోన్ అని ఉంది, అంటే స్టెరాయిడ్. అది ఎరుపును అణుస్తుంది, దాంతోపాటు ఒంటి రక్షణనూ అణుస్తుంది. ఫంగస్‌కి ఇంకేం కావాలి? ఆవిడ మచ్చ అంచులు దూది పీచుల్లా ఉన్నాయి. కొంచెం గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో పెడితే కొమ్మలు చీలిన ఫంగస్ పోగులు. ఫంగస్‌ని చంపే నాటమైసిన్ 5 శాతం చుక్కలు వేశాం, మొదట్లో గంటగంటకీ, తర్వాత వారాల తరబడి. పుండు మానింది, పువ్వు, అంటే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, మిగిలింది. శుక్లం ఆపరేషన్‌తో ఆ పువ్వు పోదు, శుక్లం ఉండేది లోపలి కటకంలో.

చుక్కలు వేసేసుకుని ఉంటే దాచకండి, తిట్టను. ఆ సీసా పట్టుకునే రండి.