సెకనుకు ఐదుసార్లు ఆగే యంత్రం

కీ ఇచ్చి నడిపే చేతిగడియారం ఆగకుండా నడుస్తున్నందుకు దాన్ని మెచ్చుకుంటాము గానీ, లోపల జరిగే పని అందుకు దాదాపు వ్యతిరేకం. చుట్టిన స్ప్రింగును దాని మానాన వదిలేస్తే చక్రాలన్నీ గిర్రున తిరిగి, ఒకటిన్నర రోజులపాటు రావలసిన బలమంతా కాసేపట్లోనే ఖర్చయిపోతుంది. అలా జరగనీయకుండా చక్రాల వరుస చివర ప్యాలెట్ లివర్ అనే ఒక బుల్లి లివర్ కాపలా కాస్తూ, ఎదురైన ప్రతి పంటినీ అడ్డగించి, నిలబెట్టి, మళ్ళీ వదులుతుంది. గంటకు 18,000 టిక్కులు కొట్టే యంత్రాంగంలో ఈ ఆగడం సెకనుకు 5 సార్లు, రోజుకు 4,32,000 సార్లు. అన్నిసార్లు ఆగి, అన్నిసార్లూ తిరిగి కదలాలంటే ఘర్షణ ఎంత తక్కువగా ఉండాలో ఊహించుకోవచ్చు. గడియారాన్ని సర్వీసు చేయడమంటే భాగాలు విప్పి బిగించడమని మొదట్లో అందరూ అనుకుంటారు. నిజానికి అది పాత ఘర్షణను కడిగివేసి, కొత్త నూనెను ఉండవలసిన చోట మాత్రమే ఉంచే పని.

సరదాకొద్దీ ఈ పని నేర్చుకోవాలని మేము ఐదుగురం కూడినప్పుడు, మొదట తేల్చుకున్నది ఏ యంత్రాంగంతో మొదలుపెట్టాలన్న సంగతి. అందరికీ ఇంట్లో పెద్దల గడియారం ఒకటి ఉంటుంది, దానితోనే మొదలుపెట్టాలన్న ఉబలాటమూ ఉంటుంది. అది తప్పు. పాడైతే బాధ కలిగించే వస్తువు మీద నేర్చుకునే చెయ్యి వణుకుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం ఒకటుంది: 1960ల వరకూ చీకట్లో మెరిసే ముళ్ళకు, అంకెలకు రేడియం కలిసిన రంగు వాడేవారు. ఆ రంగులోని జింక్ సల్ఫైడ్ దశాబ్దాల కిందటే అలసిపోయి మెరవడం మానేసినా, 1,600 ఏళ్ళ అర్ధజీవితకాలం గల రేడియం మాత్రం దాదాపు అంతా అలాగే ఉంటుంది. పొడిగా రాలే ఆ రంగును గీకడం, ఊదడం, పీల్చడం నేర్చుకునేవారు చేయవలసిన పనులు కావు.

మేము ఎంచుకున్నది ఈటీఏ 6497 అనే స్విస్ యంత్రాంగం. ఒకప్పుడు యూనిటాస్ పేరుతో జేబుగడియారాల కోసం తయారైన ఈ యంత్రాంగం 36.6 మిల్లీమీటర్ల వ్యాసంతో, ఇరుసు మొనలు తిరగడం వంటి రాపిడి చోట్ల పెట్టే 17 రాళ్ళతో, గంటకు 18,000 టిక్కులతో నడుస్తుంది. తారీఖు, దానంతట అదే కీ తిరిగే ఏర్పాటు వంటి అదనపు హంగులేవీ లేవు. భాగాలు పెద్దవి కాబట్టి పట్టకారుకు దొరుకుతాయి, చక్రాల వరుస కంటికి తిన్నగా కనిపిస్తుంది. అందరమూ ఒకే యంత్రాంగాన్ని తీసుకోవడంలో ఉన్న లాభం అప్పటికి మాకు తెలియదు. ఒకరి బల్ల మీద చక్రం తిరగకపోతే పక్క బల్ల మీద తిరుగుతున్న అదే చక్రాన్ని చూసి తేడా ఎక్కడో పట్టుకోవచ్చు. పుస్తకంలోని బొమ్మ ఆ పని చేయలేదు, ఎందుకంటే బొమ్మలో ప్రతి భాగమూ సవ్యంగానే ఉంటుంది.

విప్పడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని మరిచినవారిని గడియారం క్షమించదు. చుట్టి ఉన్న మెయిన్‌స్ప్రింగు బలాన్ని దించివేయాలి. కీ బొడిపెను వేళ్ళతో గట్టిగా పట్టుకుని, స్ప్రింగు వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కేన్ని పక్కకు జరిపి, బొడిపెను వేళ్ళ మధ్య మెల్లగా జారనివ్వాలి. ఇది చేయకుండా ప్యాలెట్ లివర్‌ను పైకెత్తితే, అంతవరకూ కట్టుబడి ఉన్న చక్రాలు ఒక్కసారిగా విజృంభించి, పళ్ళనో ఇరుసు మొనలనో విరిచేస్తాయి. మరల (స్క్రూల) విషయంలో కూడా ఒక చిక్కు ఉంది. చాలా యంత్రాంగాల్లో కీకి సంబంధించిన క్రౌన్ చక్రపు మరకు ఎడమ చుట్టు ఉంటుంది. విప్పుతున్నామనుకుని బిగించి, తల తెంచేసేవారు తక్కువేమీ కాదు. కొందరు తయారీదారులు హెచ్చరికగా దాని తలమీద ఒక గాడికి బదులు మూడు గాళ్ళు కోస్తారు.

శుభ్రం చేయడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎండి బంకగా మారిన పాత నూనెను ద్రావకంలో కరిగించి, రాళ్ళలోని రంధ్రాలను మొన చెక్కిన చెక్కపుల్లతో తిప్పి తుడిచి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి ఆరబెట్టడమే. ఒక్క జాగ్రత్త మాత్రం తెలియాలి. ప్యాలెట్ లివర్ చివర ఉండే రెండు కెంపు పలకలను దానికి అతికించేది లక్క. శతాబ్దాల నాటి ఆ అంటుపదార్థాన్నే గడియారాల తయారీలో ఇప్పటికీ వాడుతున్నారు, ఎందుకంటే కాస్త వేడి చేస్తే మెత్తబడి, పలకను వెంట్రుకవాసి జరపనిస్తుంది. అయితే లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. మిగతా భాగాలన్నిటినీ ముంచిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో లివర్‌ను కూడా నానబెట్టి మరిచిపోతే, పలకలు సీసా అడుగున వేరుగా దొరుకుతాయి.

ఇక నూనె. అసలు విజ్ఞానమంతా ఇక్కడే ఉంది. నిమిషాల ముల్లును తిప్పే నడిమి చక్రం గంటకు ఒక్కసారి తిరుగుతుంది. వరుస చివరనున్న ఎస్కేప్ చక్రానికి 15 పళ్ళు. ఒక్కొక్క పన్ను రెండు టిక్కులకు కారణమవుతుంది కాబట్టి ఒక్క చుట్టుకు 30 టిక్కులు, 18,000 టిక్కులకు 600 చుట్లు. అంటే నడిమి చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా ఎస్కేప్ చక్రం 600 చుట్లు తిరుగుతుంది. పళ్ళచక్రాలు వేగాన్ని ఊరికే పెంచవు. ఎన్ని రెట్లు వేగం పెరిగితే తిప్పే బలం అన్ని రెట్లు తగ్గుతుంది. నష్టాలేమీ లేవనుకున్నా, నడిమి చక్రం దగ్గరున్న బలంలో 600వ వంతే ఎస్కేప్ చక్రానికి చేరుతుంది. మొదటి చక్రం లెక్కచేయని జిగట చివరి చక్రాన్ని నిలబెట్టేస్తుంది. అందుకే ఒకే గడియారంలో నాలుగైదు రకాల కందెనలు వాడతారు. ఒత్తిడి ఎక్కువగా, కదలిక నెమ్మదిగా ఉండే బ్యారెల్ (మెయిన్‌స్ప్రింగు ఉండే గుండ్రటి డబ్బా) దగ్గర చిక్కని నూనె కావాలి. పలచని నూనె అక్కడ నలిగి పక్కకు పోతుంది. ఎస్కేప్ చక్రం దగ్గర, అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలిచే బ్యాలెన్స్ చక్రం దగ్గర స్నిగ్ధత తక్కువగా ఉన్న పలచని నూనె కావాలి. చిక్కనిది అక్కడ బురద.

ఎంత నూనె వేయాలన్న ప్రశ్నకు జవాబు తలతన్యతలో ఉంది. రాతి రంధ్రం చుట్టూ చిన్న గిన్నెలాంటి పల్లం చెక్కి ఉంటుంది. అందులో పడిన చుక్క కేశనాళికీయత వల్ల ఇరుసుకూ రాయికీ మధ్యనున్న సన్నని సందులోకి వెళ్ళి, అక్కడే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గడియారాన్ని ఎటు తిప్పినా కారదు. అదే చుక్క పెద్దదై గిన్నె అంచు దాటి పక్కనున్న లోహపు పలకను తాకిందంటే, లోహం దాన్ని లాక్కుని పరుచుకుంటుంది, సందులో ఉన్న నూనె కూడా దాని వెంట వెళ్ళిపోతుంది. కనుక ఎక్కువ వేసిన చోటే చివరికి నూనె కరువవుతుంది. మా బృందంలో అందరమూ ఈ తప్పు చేశాము, మంచివాటికి కాస్త ఎక్కువైతే ఏమవుతుందిలే అన్న అలవాటు కొద్దీ. బ్యాలెన్స్ ఇరుసు మీద మూతరాయి ఉంటుంది కాబట్టి అక్కడ చుక్క అద్దంలోంచి గుండ్రంగా కనిపిస్తుంది. రాతి వెడల్పులో సగానికి పైగా, మూడింట రెండు వంతులకు లోపుగా ఉంటే చాలు.

అసలు నూనె వేయకూడని చోట్లూ ఉన్నాయి. చక్రాల పళ్ళకు వేస్తే ధూళి అంటుకుని సానపట్టే పిండిగా మారుతుంది. ప్యాలెట్ లివర్ ఇరుసుకు కూడా వేయరు: అది కొద్ది డిగ్రీలు మాత్రమే అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపుకు ఘర్షణ కంటే నూనె జిగటే పెద్ద భారం. కానీ ఆ లివర్ చివరనున్న కెంపు పలకల మీద ఎస్కేప్ చక్రపు పళ్ళు జారుతూ నెడతాయి కనుక అక్కడ మాత్రం కందెన తప్పనిసరి. ఒకే భాగంలో ఒక కొస పొడిగా, ఇంకో కొస తడిగా ఉండాలన్న ఈ నియమాన్ని కంఠస్థం చేయడం కంటే, ఎక్కడ ఏది జారుతోందో చూసి అర్థం చేసుకోవడం తేలిక.

ఈ రాళ్ళు అలంకారానికి పెట్టినవి కావు. గట్టి రాతికి రంధ్రం చేసి అందులో ఉక్కు ఇరుసును తిప్పే పద్ధతికి గణితజ్ఞుడు నికొలస్ ఫాసియో, గడియారాలు చేసే డెబోఫ్ర్ సోదరులతో కలిసి 1704లో లండన్‌లో పేటెంటు పొందాడు. ఆనాడు అవి సహజమైన రత్నాలు, ఖరీదైనవి. ఫ్రెంచి రసాయనవేత్త ఒగస్త్ వెర్నాయ్ మంటలో అల్యూమినా పొడిని కరిగించి కృత్రిమ కెంపును తయారుచేసే విధానాన్ని 1902లో వెల్లడించిన తరువాతే రాళ్ళు మామూలు గడియారాలకు కూడా అందుబాటులోకి వచ్చాయి. కాబట్టి 17 రాళ్ళని రాసి ఉన్నంత మాత్రాన పాత గడియారంలో నిధి దాగి ఉందనుకోనక్కరలేదు.

తిరిగి కూర్చేటప్పుడు అన్నిటికంటే ఓపిక కావలసినది చక్రాల మీద బ్రిడ్జిని, అంటే వాటి పై మొనలను పట్టి ఉంచే పలకను, దించడం. నాలుగైదు ఇరుసు మొనలు ఒకేసారి వాటి వాటి రంధ్రాల్లో కూర్చోవాలి. మొన లోపలికి దిగకుండానే మరను బిగిస్తే అది పుటుక్కున విరుగుతుంది, దానికి మందు లేదు. బ్రిడ్జిని వేలితో తేలిగ్గా అదిమి పట్టి, చక్రాలను ఒక్కొక్కటిగా కదిపి చూసి, అన్నీ స్వేచ్ఛగా తిరుగుతున్నప్పుడే మరను అరచుట్టు తిప్పాలి. మళ్ళీ చూడాలి, మళ్ళీ అరచుట్టు. లివర్ పెట్టకముందు చేసే పరీక్ష ఒకటి నాకు చాలా ఇష్టం. కీని కొద్దిగా తిప్పితే చక్రాలన్నీ ఒక్క ఊపున తిరిగి ఆగిపోతాయి. అంతా శుభ్రంగా ఉంటే ఎస్కేప్ చక్రం ఆగిన చోట నిలవకుండా కొంచెం వెనక్కి తిరుగుతుంది. ఆ వెనకడుగు లేకపోతే వరుసలో ఎక్కడో ధూళి కణమో, వంగిన మొనో ఉన్నట్టే.

చివరగా బ్యాలెన్స్. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1675లో చుట్టల స్ప్రింగును బ్యాలెన్స్ చక్రానికి జతచేసిన గడియారాన్ని ప్రకటించగానే, ఆ ఆలోచన తనదేనని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ వివాదం లేవదీశాడు. ఆలోచన ఎవరిదైనా, స్ప్రింగును ఎంత తిప్పితే అంత బలంతో వెనక్కి లాగుతుందన్న నియమం మాత్రం హుక్ పేరుతోనే నిలిచింది. ఆ నియమం సరిగ్గా పాటింపబడితే బ్యాలెన్స్ ఎంత దూరం ఊగినా ఒక్క ఊపుకు పట్టే కాలం మారదు. మామూలు ఉక్కు స్ప్రింగు వేడికి మెత్తబడి, ఒక్క డిగ్రీ సెల్సియస్‌కు రోజుకు సుమారు 10 సెకన్లు వెనకబడేది. నికెల్ కలిపిన ఉక్కు మీద పరిశోధించి, వేడికి పెద్దగా మారని ఇన్వార్, ఎలిన్వార్ మిశ్రమలోహాలను అందించిన షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి రావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ స్ప్రింగు వెంట్రుకంత సన్నం. చుట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయంటే ఊగే స్ప్రింగు పొట్టిదైపోయినట్టే, గడియారం రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. అంటుకోవడానికి కారణం ఒక్కోసారి నూనె మరక, ఒక్కోసారి అయస్కాంతత్వం. మాలో ఒకరు చుట్టలను సరిచేయబోయి పట్టకారుతో వంకర చేసిన తరువాతగానీ, పట్టకారే అయస్కాంతమై ఉందని మాకు తట్టలేదు.

బ్యాలెన్స్ ఊగిసలాట ఎంత బాగుందో చెప్పేది టైమ్‌గ్రాఫర్ అనే పరికరం. అది చూడదు, వింటుంది. ఒక్క టిక్కులో నిజానికి మూడు చప్పుళ్ళు ఉంటాయి: బ్యాలెన్స్ మేకు లివర్‌ను తాకినది మొదటిది, పన్ను కెంపు పలకను నెట్టినది రెండవది, తరువాతి పన్ను వచ్చి అడ్డుపడి ఆగినది మూడవది. మొదటి చప్పుడుకూ చివరి చప్పుడుకూ మధ్య బ్యాలెన్స్ తిరిగే కోణం ఆ యంత్రాంగపు నిర్మాణంలోనే ఖాయమై ఉంటుంది. 6497లో అది 44 డిగ్రీలు. ఆ కోణం ఎంతసేపట్లో దాటిందో వింటే వేగం తెలుస్తుంది, వేగం నుంచి కంపన పరిమితి, అంటే బ్యాలెన్స్ నడిమి స్థానం నుంచి ఒక వైపుకు ఎన్ని డిగ్రీలు ఊగుతోందో, లెక్కకు వస్తుంది. మేము కూర్చిన మొదటి గడియారం ఒక టైమ్‌గ్రాఫర్ మీద 265 డిగ్రీలు, మరొకదాని మీద 313 చూపింది. అరగంట వాదించుకున్నాము; రెండవ టైమ్‌గ్రాఫర్ కొన్నవారు తమదే మేలైనదని గర్వపడ్డారు కూడా. తీరా చూస్తే అందులో కోణం చాలా గడియారాలకు పనికొచ్చే 52 డిగ్రీల దగ్గరే ఉండిపోయింది. 52ను 44తో భాగిస్తే వచ్చేది 1.18, 265ను దానితో గుణిస్తే 313. ఒంటరిగా నేర్చుకునేవారి దగ్గర ఒకే టైమ్‌గ్రాఫర్ ఉంటుంది, దాని మాటే వేదం. వారికి ఈ తప్పు ఎన్నటికీ కనిపించదు.

265 డిగ్రీలంటే బ్యాలెన్స్ ఒక్క టిక్కుకు అటునుంచి ఇటు దాదాపు ఒకటిన్నర చుట్టు తిరుగుతున్నట్టు. దాని అంచు వ్యాసం ఒక సెంటీమీటరనుకుంటే ఆ అంచు మీది బిందువు రోజుకు 20 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అదే ఇరుసు మొన వ్యాసం 0.1 మిల్లీమీటరు కాబట్టి దాని ఉపరితలం రాతిపై జారే దూరం 200 మీటర్లే. ఇంతటి గడియారం రోజుకు 10 సెకన్లు తప్పినా, 86,400 సెకన్లలో అది 8,640వ వంతు.

మా గడియారాన్ని ముఖం పైకి పెట్టి ఒక రోజంతా నడిపితే 14 సెకన్లు ముందుకు పోయింది. వేగాన్ని సరిచేసే పుల్లను ఆలస్యం వైపు కదిపాము. కదిలిందో లేదో ఎవరమూ కచ్చితంగా చెప్పలేకపోయాము. మరునాటికి 5 సెకన్లు వెనకబడింది. కీ బొడిపె కిందికి వచ్చేలా నిలబెడితే ఇంకో 9 సెకన్లు వెనక్కి పోయింది, ఎందుకంటే పడుకున్నప్పుడు మొన కొస మీద ఆని తిరిగే బ్యాలెన్స్ నిలబడినప్పుడు మొన పక్కభాగం మీద ఆనుతుంది, అక్కడ రాపిడి ఎక్కువ. పుల్లను మళ్ళీ తాకాలా వద్దా అన్న విషయంలో ఐదుగురికీ ఐదు అభిప్రాయాలు ఉన్నాయి. ప్రస్తుతానికి గడియారానికి మూత బిగించి ఉంచాము.