హత్యల లెక్కల్లో వయసు, స్త్రీ పురుష భేదం

ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,64,000 మంది హత్యకు గురయ్యారు. వారిలో 81 శాతం పురుషులే. లక్ష మంది పురుషులకు 9.1, లక్ష మంది స్త్రీలకు 2.0 అన్న ఈ రేట్లను బట్టి స్త్రీలకు ముప్పు నాలుగోవంతు కన్నా తక్కువని చెప్పవచ్చు. అయితే ఇరువురి ప్రాణాలు తీస్తున్నది ఒకే రకమైన హింస కాదు కనుక, ఆ పోలిక ఒక్కటే చూస్తే అసలు విషయం మరుగున పడుతుంది.

పురుషులలో ముప్పు 15-29 ఏళ్ల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. అమెరికా ఖండాలలో 18, 19 ఏళ్ల యువకులలో ఇది లక్షకు 46 వరకు ఉంది. చంపేవారిలోనూ యువకులే ఎక్కువ. మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ 1985లో దీనికి జీవపరిణామ సిద్ధాంతపరమైన వివరణ ఇచ్చారు: హోదా కోసం పోటీ తీవ్రంగా ఉండే ఆ వయసులో చిన్న మాటపట్టింపు కూడా ప్రాణాల మీదికి వస్తుందని వారి వాదన. ఆ వయసు యువకులు జపాన్‌లోనూ ఉన్నారు, కానీ అక్కడ హత్యలు అరుదు; కాబట్టి ముఠాలు, తుపాకులు, మాదకద్రవ్యాల వ్యాపారం లేకుండా ఆ వివరణ పూర్తి కాదు.

స్త్రీల సంగతి వేరు. 2017లో హతులైన సుమారు 87,000 మంది స్త్రీలలో 58 శాతం మందిని చంపింది భర్త, సహచరుడు లేదా కుటుంబ సభ్యులు. వీధి హింస తగ్గినంతగా ఇంటి హింస తగ్గదు కనుకనే, హత్యలు బాగా తక్కువగా ఉన్న జపాన్‌లో హతులలో దాదాపు సగం మంది స్త్రీలు.

మన దేశంలో 2022లో 28,522 హత్య కేసులు నమోదు కాగా, హతులలో దాదాపు 70 శాతం పురుషులు. అదే ఏడాది నమోదైన 6,450 వరకట్న మరణాలు ఈ లెక్కలో లేవు; పెళ్లయిన ఏడేళ్లలోపు జరిగే ఆ మరణాలను 1986 నుంచి వేరే సెక్షన్ కింద నమోదు చేస్తున్నారు. వాటిలో ఆత్మహత్యలూ ఉంటాయి కనుక అన్నింటినీ హత్యలతో కలిపేయలేము, అలాగని పక్కన పెడితే కొత్త కోడళ్లకు ఉన్న ముప్పు హత్యల పట్టికలో కనిపించదు.

ఇక హత్యల పరంగా జీవితం మొత్తంలో అత్యంత ప్రమాదకరమైన రోజు, అమెరికా లెక్కల ప్రకారం, బిడ్డ పుట్టిన మొదటి రోజే. 2008-2017 మధ్య ఆ ఒక్కరోజు ముప్పు ఏడాదంతా కొనసాగితే లక్షకు 74 మంది శిశువులు హతులయ్యేవారు. అంతకుముందు, 1989-1998 మధ్య, అది 222. గర్భాన్ని దాచి, ఆసుపత్రికి వెళ్లకుండా ప్రసవించిన తల్లుల కేసులే వీటిలో ఎక్కువ. శిక్ష భయం లేకుండా బిడ్డను ఆసుపత్రిలో అప్పగించే వీలు కల్పిస్తూ టెక్సాస్ 1999లో చేసిన చట్టాన్ని తక్కిన రాష్ట్రాలూ అనుసరించాయి. ఈ తగ్గుదలలో ఆ చట్టాల వాటా ఎంతో విడదీసి చెప్పడం మాత్రం కష్టం.