రివర్స్ బ్రిడ్జ్, 1865: వంతెన దొరికితే నది దాటినట్టేనా?

నేను మన సైన్యంలో ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేసి రిటైరయ్యాను. వంతెనలు వేయడం, బండ్లని నది దాటించడం మా పని. అందుకే అమెరికా అంతర్యుద్ధంలో నాకు పెద్ద యుద్ధాల కన్నా దక్షిణ కరోలినాలో 1865 ఫిబ్రవరి 2, 3 తేదీల్లో జరిగిన ఈ చిన్న పోరే ఎక్కువ ఇష్టం. సాల్కహాచీ నది మీద రివర్స్ బ్రిడ్జ్ అనే వంతెన దగ్గర జరిగింది. ఒకవైపు జనరల్ షెర్మన్ నడిపిస్తున్న ఉత్తరాది (యూనియన్) సైన్యం, దాన్ని ఆపడానికి అవతల జనరల్ మెక్‌లాస్ కింద దక్షిణాది (కాన్ఫెడరేట్) మనుషులు. దీని గురించి వినబడే కొన్ని మాటలు మాత్రం సరిచేయాలి.

అపోహ: అక్కడో నది, దాని మీదో వంతెన, దాన్ని పట్టుకుంటే అయిపోయింది.

వాస్తవం: సాల్కహాచీకి ఒడ్డు ఎక్కడ మొదలవుతుందో చెప్పడమే కష్టం. నది పాయలుగా చీలిపోయి, మధ్యలో అడవి, బురద, వాటి మీదుగా ఒక ఇరుకు కట్ట, దాని మీద వరసగా చిన్న చిన్న వంతెనలు. అవతల మెక్‌లాస్ దగ్గరున్నది 1,200 మందే, కానీ అతని ఫిరంగుల గురి అంతా ఆ కట్ట మీదే. వెనక ఎన్ని వేలమంది ఉంటే ఏం, కట్ట మీద ముందు నడిచేది నలుగురే కదా! మొదటిరోజు షెర్మన్ మనుషులు అక్కడే ఆగిపోయారు. వాళ్ల కల్నల్ వేజర్ స్వేన్‌కి కాలు పోయింది.

అపోహ: చలికాలంలో ఆ చిత్తడి దాటడం ఎవరివల్లా కాదు.

ఇది ఇప్పటివాళ్ల అపోహ కాదు, అప్పటి కాన్ఫెడరేట్ జనరల్స్‌దే. షెర్మన్ మనుషుల చేతుల్లో తుపాకులతో పాటు గొడ్డళ్లూ ఉన్నాయి. చెట్లు కొట్టి, దుంగల్ని బాటకి అడ్డంగా పక్కపక్కనే పరిచి, పైన మట్టి పోసేవాళ్లు. బండ్లు నడిచే కొద్దీ దుంగలు కుంగిపోతాయి, వాటిమీదే ఇంకో వరస. మేమూ రెక్కీకి వెళ్తే నీళ్ల లోతు కన్నా ముందు గట్టు గట్టిదో కాదో చూసేవాళ్లం. ఒకసారి ప్రాక్టీసులో నదంతా సాఫీగా దాటిన లారీ అవతలి గట్టెక్కలేక, ఇరుసుదాకా దిగబడి తెల్లారేదాకా అక్కడే ఉంది. టెన్షనంతా మాకు!

సరే, బండ్లకి బాట కావాలి, కాల్బలానికి అక్కర్లేదు. 3వ తేదీన రెండు బ్రిగేడ్లు కట్ట వదిలేసి, ఆ చల్లటి నీళ్లలో దిగి చిత్తడిలోంచే నడిచి పక్కనుంచి వచ్చిపడ్డాయి. మెక్‌లాస్ బ్రాంచ్‌విల్ ఊరి వైపు వెనక్కి తగ్గాడు.

అపోహ: మెక్‌లాస్ చేతకానివాడు.

నేను ఒప్పుకోను. నది పొడవునా కాపలా పెట్టాలంటే 1,200 మంది ఏ మూలకి? దాటేవాడికి ఒక్క చోటు దొరికితే చాలు. అతను ఒక రోజు ఆపాడు, అంతకన్నా ఎవరూ చేయగలిగేది లేదు. షెర్మన్ సైన్యం అక్కణ్ణించి అగస్టా-చార్లెస్టన్ రైలుమార్గం మీద పడి, 17కల్లా దక్షిణ కరోలినా రాజధాని కొలంబియా చేరింది. ఆ బురదలో రోజుకి డజను మైళ్లు దుంగల బాట వేసుకుంటూ వస్తున్నారని విని, జూలియస్ సీజర్ తర్వాత ఇలాంటి సైన్యం లేదనుకున్నానని కాన్ఫెడరేట్ జనరల్ జాన్‌స్టన్ తర్వాత చెప్పాడు. ఏప్రిల్ 26న ఆ సైన్యానికే లొంగిపోయాడు.

రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, దొరికిపోయినవాళ్లు మూడొందలు దాటలేదు. కాన్ఫెడరేట్ మృతుల్ని 1876లో స్థానికులు తవ్వితీసి, మైలు దూరంలో ఒకే గోతిలో మళ్లీ పూడ్చారు. మెక్‌లాస్ మనుషులు పోసిన మట్టికట్టలు ఇప్పటికీ ఉన్నాయి.