లోచెవిని ఏమార్చే కుర్చీలు

తిరుపతిలో ఎండాకాలపు ఎగ్జిబిషన్ వెలిసిందంటే, జెయింట్ వీల్‌కూ మిర్చి బజ్జీల దుకాణానికీ నడుమ ఎక్కడో ఒకచోట "12డీ థియేటర్" అన్న బోర్డు కనిపించవచ్చు. ఆ అంకెను చూసి బెదరనక్కరలేదు. త్రీడీ కళ్ళద్దాలు రెండు కళ్ళకూ వేరువేరు బొమ్మలు చూపి లోతును కల్పిస్తాయి కనుక, పొడవు వెడల్పులతో కలిపి మూడు పరిమాణాలు లెక్కకు వస్తాయి. కుర్చీ కదలిక, గాలి, నీటి తుంపర, వాసన అన్నిటినీ కలిపి నాలుగోదిగా భావించి ఫోర్‌డీ అనడం వాడుకలో స్థిరపడింది. అక్కడి నుంచి పన్నెండు దాకా ఉన్నవన్నీ టికెట్ కౌంటర్ దగ్గర పుట్టిన పరిమాణాలే. తెలుసుకోదగిన సంగతి వేరే ఉంది: ఉన్నచోటు నుంచి ఒకటి రెండు అడుగులకు మించి కదలని కుర్చీ, అందులో కూర్చున్న మనిషిని లోయలోకి జారిపోతున్నానని ఎలా నమ్మించగలుగుతోంది?

ఇందుకు కారణం చాలావరకు లోపలి చెవిలో ఉంది. వినికిడికి సంబంధించిన భాగం పక్కనే, ప్రతి చెవిలోనూ మూడు అర్ధవృత్తాకారపు నాళాలు ఉంటాయి. వాటిలోని ద్రవం తల తిరిగినప్పుడు వెనకబడి, మనం ఏ దిక్కుకు ఎంత వేగంగా తిరుగుతున్నామో మెదడుకు తెలియజేస్తుంది. వాటిని ఆనుకొని ఉన్న రెండు చిన్న సంచులలో, మెత్తని పొర మీద సున్నపు స్ఫటికాలు పరచుకొని ఉంటాయి. బస్సు ఒక్కసారిగా ముందుకు దూకితే ఆ స్ఫటికాలు వెనక్కి జరుగుతాయి. తలను వెనక్కి వాల్చినా, గురుత్వాకర్షణ వల్ల అవి వెనక్కే జరుగుతాయి. ఈ రెండింటిలో ఏది జరిగిందో ఆ స్ఫటికాలు తమంతట తాము చెప్పలేవు. ఈ తేడాను మెదడు కంటి సాక్ష్యంతోనూ, అర్ధవృత్తాకార నాళాల సాక్ష్యంతోనూ పోల్చి తేల్చుకోవలసి ఉంటుంది.

సిమ్యులేటర్, అంటే ఇలా కదలిక భ్రమను కల్పించే యంత్రం, తయారుచేసేవారు ప్రవేశించేది ఈ సందులోనే. తెర మీద వాహనం దూసుకుపోయే క్షణాన కుర్చీని నిజంగానే ముందుకు కొద్దిగా నెడతారు. ఆ తోపు అయిపోకముందే కుర్చీని నెమ్మదిగా వెనక్కి వాల్చడం మొదలుపెడతారు. ఈ వాలు సెకనుకు సుమారు 3 డిగ్రీలు మించకుండా జరిగితే, తిరుగుడును పసిగట్టే నాళాలు దానిని పట్టించుకోవు. చీకట్లో కంటికి తెర తప్ప మరేదీ ఆనవాలుగా కనిపించదు. అందువల్ల వాలును మెదడు వాలుగా కాక, ఆగకుండా పెరుగుతున్న వేగంగా అర్థం చేసుకుంటుంది. పది డిగ్రీలు వాలితే చాలు, గురుత్వంలో దాదాపు ఆరో వంతు బలం వీపును వెనక్కి అదుముతున్నట్టు తోస్తుంది. దృశ్యం మారగానే, ప్రేక్షకుడికి తెలియకుండా అంతే నెమ్మదిగా కుర్చీని యథాస్థానానికి తెచ్చి తరువాతి కుదుపుకు సిద్ధం చేస్తారు. నా దృష్టిలో ఈ విద్యలోని నేర్పంతా మనకు తెలియనివ్వని ఈ కదలికల్లోనే ఉంది. చౌకబారు థియేటర్లలో కుర్చీ అదే పనిగా ఎగిరెగిరి పడటం చూస్తే, అక్కడ మోటార్లు ఉన్నాయి కానీ ఈ ఓపిక లేదని అర్థమవుతుంది.

కుర్చీలను ఇలా కదిలించడానికి వాడే ఆరు కాళ్ళ వేదిక వినోదం కోసం పుట్టింది కాదు. 1950లలో బ్రిటన్‌లో ఎరిక్ గఫ్ టైర్ల పటుత్వాన్ని పరీక్షించడానికి అటువంటి యంత్రాన్ని నిర్మించాడు. 1965లో డి. స్టీవర్ట్ విమాన సిమ్యులేటర్ల కోసం ఆరు స్వేచ్ఛలున్న వేదికను ప్రతిపాదిస్తూ పత్రం ప్రచురించాడు. ముందువెనకలకు, పక్కలకు, పైకీ కిందికీ జరగడం మూడు స్వేచ్ఛలు. ఆ మూడు అక్షాల చుట్టూ ఒరగడం మరో మూడు. పైలట్ల శిక్షణలో ఆరితేరిన ఈ సాంకేతికతే 1987లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో స్టార్ టూర్స్ అనే వినోద సిమ్యులేటర్‌గా సందర్శకుల ముందుకు వచ్చింది.

కన్ను ఒక్కటే కూడా మనల్ని కదిలించగలదు. రేణిగుంట జంక్షన్‌లో ఆగి ఉన్న రైల్లో కూర్చున్నప్పుడు పక్క పట్టాల మీది రైలు కదిలితే, మన రైలే బయలుదేరిందని ఒక క్షణం అనిపిస్తుంది. చూపు అంచుల దాకా నిండిన దృశ్యమంతా ఒకే దిక్కుకు జరిగితే, కదులుతున్నది తానేనని మెదడు నిశ్చయించుకుంటుంది. తెరను వంపుగా, పక్కల దాకా విస్తరించి కట్టడం వెనక ఉన్న కారణాలలో ఇదొకటి.

చర్మం విషయం మరింత చిత్రమైనది. తలకోన మీదుగా ఎగిరే చిత్రం ఒకటి తీస్తున్నామనుకుందాం. 270 అడుగుల ఎత్తు నుంచి పడే ఆ జలపాతపు జల్లు ముఖాన కొట్టాలంటే బిందెల కొద్దీ నీళ్ళు అక్కరలేదు, ఎందుకంటే తడిని గుర్తించే ప్రత్యేక గ్రాహకాలు మనిషి చర్మంలో లేనే లేవు. చల్లదనమూ, సన్నని స్పర్శా ఒకేసారి తగిలితే మెదడు ఆ రెండింటినీ కలిపి తడి అని ఊహించుకుంటుంది. కాబట్టి చల్లని గాలితో పాటు నాలుగు చుక్కల తుంపర చిమ్మితే సరిపోతుంది. 1994లో ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ పార్కులో మొదలైన ఒక ప్రదర్శనలో, తెర మీద ఎలుకల గుంపు హాల్లోకి దూకగానే ప్రేక్షకుల పిక్కలకు ఏదో తగిలేది, హాలంతా కాళ్ళు పైకెత్తి కేకలు పెట్టేది. ఇటువంటి చోట్ల సాధారణంగా కుర్చీ కింద ఒక సన్నని గొట్టం ఉంటుంది, గాలి ఒత్తిడితో అది కొట్టుకులాడుతుంది. పరిశోధకులు మార్క్ ఎర్న్‌స్ట్, మార్టిన్ బ్యాంక్స్ 2002లో చూపినట్టు, కన్నూ చేయీ చెప్పే సంగతులను మెదడు కలిపేటప్పుడు ఏది ఎక్కువ నమ్మదగినదో దానికే ఎక్కువ విలువ ఇస్తుంది. చీకట్లో పిక్కకు తగిలినది ఏమిటో స్పర్శ ఒక్కటే కచ్చితంగా చెప్పలేదు. అది ఎలుక అని కన్ను ముందే తీర్పు చెప్పి ఉంటుంది.

ఈ అమరికకు లొంగనిది వాసన. 1959లో, 1960లో అమెరికాలో రెండు సంస్థలు సినిమాకు వాసన జోడించి చూశాయి. ఒకరు ఏసీ గాలి ద్వారా, మరొకరు కుర్చీల దాకా వేసిన గొట్టాల ద్వారా పంపారు. బాల్కనీకి వాసన ఆలస్యంగా చేరడం, ఒక వాసన పోకముందే మరొకటి వచ్చి కలవడం వంటి ఇబ్బందులు తప్పలేదు. మోర్టన్ హైలిగ్ 1962లో పేటెంట్ పొందిన సెన్సోరామా ఈ చిక్కును మరోలా దాటింది. అది ఒక్క మనిషి తల దూర్చి చూసే పెట్టె, అందువల్ల గాలి ప్రయాణించవలసిన దూరమే చాలా తక్కువ. పెద్ద హాలులో శబ్దం 20 మీటర్ల దూరాన్ని సెకనులో దాదాపు పదిహేడో వంతు కాలంలో దాటుతుంది. సెకనుకు ఒక మీటరు చొప్పున సాగే గాలి మీద ఎక్కిన వాసనకు అదే దూరం 20 సెకన్లు పడుతుంది. నెయ్యి, ఏలకులు, పచ్చకర్పూరం కలిసిన లడ్డూ వాసనను ఒక దృశ్యానికి జోడించాలంటే, ఆ దృశ్యం నిదానంగా సాగాలి, తరువాతి దృశ్యానికి మరో వాసన ఉండకూడదు. నీరు, గాలి, కుదుపుల పని సులువు. సినిమాలోని ఒక్కో ఫ్రేముకూ ఒక్కో సమయ సంకేతం ఉంటుంది. దానిని అనుసరించి కంప్యూటర్ కవాటాలను తెరుస్తుంది. చుక్క ముఖానికి చేరే వ్యవధిని లెక్కవేసి ఆదేశాన్ని ముందుగానే ఇస్తుంది.

మెదడుకు అందే సాక్ష్యాలు పొసగకపోతే కడుపులో తిప్పుతుంది. తిరుమల నుంచి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీద సప్తగిరి బస్సులో దిగుతూ నిమ్మకాయ వాసన చూసేవారికి ఈ బాధ కొత్తది కాదు. వినికిడి లేనివారిలో చాలామందికి గిరగిరా తిప్పినా తల తిరగదని అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1882లోనే గమనించాడు. లోచెవి పనిచేయనివారికి సముద్రయానపు వాంతులూ రావు. అయితే ఘాట్ రోడ్డు మీద పనికొచ్చే చిట్కా ఇక్కడ తలకిందులవుతుంది. బస్సు లోపల కన్ను సీట్లనే చూస్తూ ఏదీ కదలడం లేదంటుంది, చెవి మలుపులను లెక్కపెడుతుంది. అందుకే దూరంగా రోడ్డు కేసి చూస్తే ఉపశమనం కలుగుతుంది. థియేటర్‌లో మాత్రం కన్నే ఎక్కువ కదలికను చెబుతుంది. అక్కడ తల తిరుగుతుంటే కళ్ళు మూసుకోవడం మంచిది, లేదా కొన్ని పార్కులలో విడిగా ఉంచే కదలని సీట్లను ముందే అడిగి తీసుకోవచ్చు.